గండి ముందు ఆగడం

పసిఫిక్‌లోని చిన్న దీవికి తెరచాప పడవ చేరడంలో అసలు కష్టమంతా చివరి రెండు కిలోమీటర్లలోనే. నడిసముద్రంలో వేల కిలోమీటర్లు తిరిగినా పడవకు అడ్డం తగిలేది దాదాపు ఏమీ ఉండదు. దీవి దగ్గరపడ్డాక నీటి కింద పగడపు దిబ్బలు మొదలవుతాయి. చాలా దీవుల చుట్టూ దిబ్బ గోడ కట్టినట్టు లేచి ఉంటుంది. అది తెగిన చోట ఉండే గండే లోపలికి దారి.

సంగారెడ్డి పల్లెల్లో చెరువు అలుగు పారుతుంటే దగ్గర నిలబడి చూసినవాళ్లకు ఈ గండి సంగతి ఇట్టే అర్థమవుతుంది. గాలికి లేచిన అలలు దిబ్బ మీదుగా లోపలికి నీళ్లు పోస్తూనే ఉంటాయి. ఆ నీళ్లు చాలావరకు బయటపడాల్సింది గండిలోంచే. ఫ్రెంచ్ పాలినేసియాలోని టువామోటు దీవుల్లో కొన్ని గండ్ల దగ్గర ఆ వడికి చిన్న పడవ ఇంజిను చాలదు. అందుకే ఆటుకూ పోటుకూ మధ్య నీరు కాసేపు నిలిచే సమయం చూసుకుంటారు. నాలుగు రోజులు గాలి గట్టిగా వీస్తే ఆ లెక్కా తప్పుతుంది.

ఇక ఎండ. పొద్దు బాగా పైకెక్కి వీపు వెనక ఉండాలి. అప్పుడే నీళ్ల రంగు తెలుస్తుంది. ముదురు నీలమైతే లోతు, లేత ఆకుపచ్చైతే ఇసుక మీద తక్కువ నీరు, గోధుమ రంగు మచ్చలైతే పగడం. ఎదురెండలో ఇవేవీ కనిపించవు. ఒకరు అణియం మీద నిలబడి చేతి సైగలతో దారి చెబుతారు. చుక్కాని పట్టినవారు ఆ చేతినే చూస్తారు, గాలి హోరులో కేక వినపడదు కాబట్టి. జీపీఎస్ పడవ ఉన్న చోటు సరిగ్గానే చెబుతుంది. కానీ అక్కడి పటాలు కొన్ని పాత కొలతలతో గీసినవి, దిబ్బ పటంలో ఒకచోట, నీళ్లలో మరోచోట ఉండవచ్చు.

నన్ను అడిగితే ఈ విద్యలో అన్నిటికన్నా గొప్పది ఆగడం. సాయంత్రం కొబ్బరిచెట్లు కనిపిస్తాయి. వారాల తరబడి నేల చూడని మనుషులు, అయినా లోపలికి పోరు. ముందు తెరచాపకు ఎదురు పక్క నుంచి గాలి తగిలేలా చేసి చుక్కానిని కట్టేస్తే పడవ మెల్లగా తేలుతూ దాదాపు నిలిచిపోతుంది. అలా దిబ్బకు దూరంగా రాత్రంతా కాచుకుని, మర్నాడు పొద్దెక్కాక కదులుతారు.

ఆ దీవులవాళ్లు ఏ పరికరమూ లేకుండా ఇంతకంటే ఎక్కువే చేశారు. 1976లో హవాయి నుంచి తాహితికి సాగిన జంట పడవ ‘హోకులేఅ’కు దారి చూపినవాడు సటవాల్ దీవికి చెందిన మౌ పియాయిలుగ్. నక్షత్రాలు ఉదయించే చోటు, పడవకు తగిలే అలల తీరు, సాయంత్రం గూటికి మళ్లే పక్షులు, ఇవే ఆయన పటం.

మనవాళ్లూ ఆ మహాసముద్రం దాటారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి భూమిని చుట్టి రావడానికి బయల్దేరిన నౌకాదళం పడవ ‘తారిణి’ పొడవు 56 అడుగులు. అందులోని ఆరుగురు మహిళా అధికారుల్లో బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్, పత్తర్లపల్లి స్వాతిది విశాఖపట్నం. వాళ్లు పసిఫిక్‌లో ఆగిన రేవు న్యూజిలాండ్‌లోని లిట్టెల్టన్. అక్కడ పగడాలు లేవు, ఆరిపోయిన అగ్నిపర్వతం నోట్లోకి సముద్రం చొచ్చుకొచ్చిన రేవు అది. 2018 మే 21న గోవా తిరిగొచ్చారు.

ఇంత విద్యకు తొలిమెట్టు పటాన్‌చెరుకు దగ్గర్లోనే, హుస్సేన్ సాగర్‌లో ఉంది. పారిశ్రామికవాడ బడి పిల్లలను అక్కడికి పంపాలని నా కోరిక. ఒక్క తెరచాప ఉండే ఆప్టిమిస్ట్ పడవల్లో పిల్లలు అక్కడ సాధన చేస్తారు. ఆ పడవకు ఇంజిను లేదు, బ్రేకు అంతకన్నా లేదు. గట్టు దగ్గరికి వచ్చాక అణియాన్ని గాలికెదురు తిప్పి, తాడు వదిలి, వడి చచ్చేదాకా ఆగి, అప్పుడు గట్టును చేత్తో పట్టుకోవాలి.