ప్రహ్లాద చరిత్ర: ఆజ్ఞ, విధేయత, ధిక్కారం

ఈ భాగం లక్ష్యం
ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు పోతన ప్రహ్లాద చరిత్రను భక్తికథగానే కాక, ఆజ్ఞకూ అంతరాత్మకూ మధ్య జరిగిన ఘర్షణగా కూడా విశ్లేషించగలుగుతారు. ఏ విధేయత మెచ్చదగినదో, ఏది కాదో నిర్ణయించడానికి ఆ కథలోనే దొరికే కొలతను వివరించగలుగుతారు.

1. పరిచయం
ఆంధ్ర మహాభాగవతం సప్తమ స్కంధంలోని ప్రహ్లాద చరిత్ర మీకు కొత్తది కాదు. బడిలో ఒకటి రెండు పద్యాలైనా కంఠస్థం చేసి ఉంటారు. హరికథగానో నాటకంగానో చూసి ఉంటారు. తొలి తెలుగు టాకీకి ఎన్నుకున్న కథ కూడా ఇదే. ఇంత పరిచయం ఉన్న కథను చదివేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. మన చూపు ఎప్పుడూ తండ్రి, కొడుకు, నరసింహుడు అనే ముగ్గురి మీదే నిలుస్తుంది. హిరణ్యకశిపుడు ఆజ్ఞాపించాడు, ప్రహ్లాదుడు ధిక్కరించాడు, హరి కాపాడాడు అని ముగిస్తాం.

కానీ రాజాజ్ఞ తనంతట తాను అమలు కాదు. దాన్ని అమలుచేసే నోళ్లూ చేతులూ కావాలి. ఈ కథలో ఆ నోళ్లు గురువులవి, ఆ చేతులు భటులవి. ఈ పాఠంలో మనం ముందుగా వారినే పరిశీలిద్దాం.

2. చండామార్కులు
చండామార్కులు శుక్రాచార్యుని కుమారులు, రాజాశ్రయంలో ఉన్న పండితులు. వారిని క్రూరులుగా పోతన చిత్రించలేదని గమనించండి. ప్రహ్లాదుడు మొదటిసారి తండ్రి ముందు హరిని పొగిడి వచ్చినప్పుడు, వారు అతణ్ణి దగ్గరకు తీసి మెల్లగా అడుగుతారు: ఈ బుద్ధి నీకే పుట్టిందా, ఎవరైనా నేర్పారా? ఇది చదువు చెప్పేవాని ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి అది విచారణ. రేపు రాజు అడిగితే చెప్పడానికి వారికొక జవాబు కావాలి.

రెండోసారి రాజు కోపించి గురువునే నిందించినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. ఇది మేము నేర్పినది కాదు, ఇతరులు నేర్పినదీ కాదు, పుట్టుకతో వచ్చిన బుద్ధి అని వారు విన్నవించుకుంటారు. ఆ మాట నిజమే. కానీ ఆ క్షణాన ఆ నిజం ఎవరిని కాపాడుతున్నది? గురువును. శిష్యుడు ఒంటరివాడవుతాడు. ఆ వెంటనే అతణ్ణి చంపమని రాజు ఆజ్ఞాపిస్తాడు.

చండామార్కులు అబద్ధమాడలేదు, ఆయుధం పట్టలేదు. తమ మీదికి రాకుండా చూసుకున్నారు, అంతే. విధేయత చాలాసార్లు ఈ రూపంలోనే ఉంటుంది. దాన్ని ద్వేషం నడపదు, భయం నడుపుతుంది.

3. శూలాలు పట్టిన చేతులు
రాజాజ్ఞతో భటులు బాలుణ్ణి శూలాలతో పొడుస్తారు. తరువాత ఏనుగులు, పాములు, విషం, అగ్ని. ఇక్కడ పోతన వర్ణన అంతా ప్రహ్లాదుని నిశ్చలత మీదే ఉంటుంది. అతడు పారిపోడు, చేతులు అడ్డుపెట్టుకోడు, పొడిచేవారిని ద్వేషించడు. భటుల మనసులో ఏముందో మనకు తెలియదు. వారికి పేర్లు కూడా లేవు.

ఆ ఖాళీని పూరించడానికి ఆధునిక మనోవిజ్ఞానం కొంత సాయపడుతుంది. 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. పక్కగదిలోని మనిషి తప్పు జవాబు చెప్పిన ప్రతిసారీ 15 వోల్టుల చొప్పున పెంచుతూ విద్యుత్ షాక్ ఇవ్వాలని పాల్గొన్నవారికి చెప్పారు. షాక్ నిజమైనది కాదు, కానీ ఆ సంగతి వారికి చెప్పలేదు. 1963లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 40 మందిలో 26 మంది చివరి మీట అయిన 450 వోల్టుల దాకా వెళ్లారు.

ఈ అంకెను చూసి మనుషులు స్వభావతః క్రూరులని తేల్చడం సరికాదు. వారిలో చాలామంది చెమటలు పట్టి వణికారు, ఆపుదామని అడిగారు, అయినా కొనసాగించారు. కొందరు షాక్ నిజమైనదేనా అని సందేహించారనీ, తెలియకుండా అంత క్షోభకు గురిచేయడం తప్పనీ ఈ ప్రయోగం మీద విమర్శలు వచ్చాయి. అవి పట్టించుకోవలసినవే. వాటిని లెక్కలోకి తీసుకున్నా ఒక సంగతి మిగులుతుంది: మనసు ఒప్పుకోకపోయినా చేయి పని చేయగలదు. చండామార్కులను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

4. గురువులు లేని సమయం
కథలో అందరూ తేలికగా దాటిపోయే ఘట్టం ఒకటుంది. గురువులు సొంత పనుల మీద వెళ్లినప్పుడు తోటి బాలురు ప్రహ్లాదుణ్ణి ఆటకు పిలుస్తారు. అతడు వారికి తాను నమ్మినది చెబుతాడు. గురువులు తిరిగి వచ్చేసరికి బడి మొత్తం మారిపోయి ఉంటుంది. అప్పుడే వారు నిజంగా భయపడి రాజు దగ్గరికి పరుగెత్తుతారు.

ఇక్కడ రెండు మార్పులు జరిగాయి: ఆజ్ఞాపించేవారు ఎదుట లేరు, ధిక్కరించే తోటివాడు ఎదుట ఉన్నాడు. మిల్‌గ్రామ్ కూడా ఈ రెంటినీ వేర్వేరుగా పరీక్షించాడు. ఆజ్ఞలు ఫోనులో ఇచ్చినప్పుడు చివరిదాకా వెళ్లినవారు సుమారు ఐదో వంతుకు తగ్గారు. పక్కనున్న ఇద్దరు సహచరులు నిరాకరించి లేచినప్పుడు 40 మందిలో నలుగురే మిగిలారు. ఒక్కడు కాదంటే మిగిలినవారికి కాదనడం సాధ్యమని తెలుస్తుంది. అందుకే అధికారం ఒంటరి ధిక్కారాన్ని కొంతకాలం సహిస్తుంది, అంటుకునే ధిక్కారాన్ని సహించదు. బడి మారిపోయిన తరువాతనే హిరణ్యకశిపుడు కొడుకును తన చేతులతో చంపడానికి సిద్ధపడటం యాదృచ్ఛికం కాదు.

5. ధిక్కారానికి కొలత
ఒక ఆక్షేపణ రావచ్చు. ప్రహ్లాదుడు ధిక్కరించలేదు, తండ్రి కంటే పెద్ద ప్రభువుకు విధేయుడయ్యాడు, అంతే కదా? పై ఆజ్ఞ పేరు చెప్పి ఎవరైనా ఏమైనా చేయవచ్చు కదా? ఇది గట్టి ఆక్షేపణ.

దీనికి సమాధానం భాగవతంలోనే వెతకండి. నవమ స్కంధంలో జమదగ్ని, తల్లిని చంపమని కొడుకులను ఆజ్ఞాపిస్తాడు. పెద్దకొడుకులు కాదంటారు. పరశురాముడు తండ్రి మాట విని తల్లినీ అన్నలనూ నరుకుతాడు. పితృవాక్య పరిపాలనకు మనం పరశురాముణ్ణి ఉదాహరిస్తాం. కాదన్న అన్నల పేర్లు ఎవరికీ గుర్తుండవు. కానీ ప్రహ్లాదుణ్ణి మెచ్చిన న్యాయంతో చూస్తే ఆ అన్నలే అతనికి బంధువులు.

తేడా ఎక్కడుంది? మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్న దానిలో ఉంది. ప్రహ్లాదుని నమ్మకానికి మూల్యం అతని దేహమే. పరశురాముని విధేయతకు మూల్యం తల్లి మెడ. భటుల విధేయతకు మూల్యం ఒక పిల్లవాడు. విధేయతైనా ధిక్కారమైనా, దాని భారాన్ని తాను మోసేవాడికీ ఇంకొకరి నెత్తిన పెట్టేవాడికీ నైతికంగా చాలా దూరం ఉంది. మరొకటి గమనించండి: ప్రహ్లాదుడు తండ్రి ఆజ్ఞను కాదన్నాడే కాని తండ్రిని కాదనలేదు. చివర వరం కోరుకొమ్మంటే తండ్రి పాపం పోవాలనే కోరుతాడు.

6. కథ చెప్పనిది
ఈ రెండు కథలకూ ఒకే పరిమితి ఉంది. ఒకచోట స్తంభం నుంచి నరసింహుడు వస్తాడు, మరొకచోట వరంతో తల్లీ అన్నలూ బతికి లేస్తారు. అంటే ధిక్కారానికీ విధేయతకూ చెల్లించవలసిన మూల్యాన్ని కథ చివరిలో రద్దు చేస్తుంది. భక్తికావ్యంగా అది దాని ధర్మం. జీవితంలో మాత్రం స్తంభాలు పగలవు.

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూ ఈ కోర్సు చదువుతున్నవారు. బదిలీ, సంజాయిషీ నోటీసు, ఆగిపోయిన ఇంక్రిమెంటు మీకు తెలిసిన మూల్యాలే. అందువల్ల చండామార్కులను చూసి నవ్వడం తేలిక కాదు, న్యాయమూ కాదు. అయితే వారి స్థానంలో నిలబడినప్పుడు అడగవలసిన ప్రశ్న మాత్రం కథ మనకు ఇచ్చింది: నేను చెబుతున్న ఈ మాట, పెడుతున్న ఈ సంతకం ఎవరిని కాపాడుతున్నది, ఎవరిని ఒంటరిని చేస్తున్నది?

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. రాజు నిందించినప్పుడు చండామార్కులు ఇచ్చిన సమాధానం నిజమే అయినా నైతికంగా సరిపోదని ఎందుకు అనవచ్చు?
2. ప్రహ్లాదుని ధిక్కారాన్నీ పరశురాముని విధేయతనూ ఒకే కొలతతో పోల్చి రాయండి.