కడియం పనితనం అతుకులో ఉంది

రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వైపు జాతీయ రహదారి పట్టుకుంటే, వేమగిరి దాటాక రోడ్డు పక్కన నర్సరీలు మొదలవుతాయి. కడియపులంక, కడియం, వీరవరం, బుర్రిలంక, పొట్టిలంక... ఊరు మారినా మొక్కల వరసలు ఆగవు. చలికాలంలో, ముఖ్యంగా కొత్త సంవత్సరం నుంచి సంక్రాంతి దాకా, జనం కుటుంబాలతో వచ్చి బంతి, చామంతి, డాలియాల మధ్య ఫొటోలు దిగి వెళ్తారు. ఆ పూలు చూడదగ్గవే. అయితే కడియానికి పేరు తెచ్చిన పనితనం ఫొటోల్లో సరిగ్గా పడదు. అది మామిడి అంటు కాండం మీద, మట్టికి జానెడు ఎత్తున ఉన్న ఏటవాలు మచ్చలో ఉంటుంది. దాన్ని చదవడం తెలిస్తే కడియం సగం అర్థమైనట్టే.

ఈ పని ఇక్కడే వేళ్ళూనడానికి నేల, నీరు రెండూ కలిసొచ్చాయి. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మెత్తగా ఉంటుంది, నీళ్ళు నిలవనివ్వదు, లేత వేరుకు అడ్డు చెప్పదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువ నీరు ఈ ఊళ్ళకు చేరువైంది. లంక భూముల్లో పూలు పండించిన చేతులకు కత్తి పట్టడం కొత్త కాదు. మొక్కను పెంచడం నుంచి మొక్కను తయారు చేయడం దాకా ఒక్క అడుగే.

ఆ తయారీ టెంకతో మొదలవుతుంది. మామిడి టెంక ఎక్కువ రోజులు నిలవ ఉండదు, ఎండితే మొలక చచ్చిపోతుంది. అందుకే పండ్ల కాలంలోనే టెంకలు పోగుచేసి, తొలకరికల్లా నారుమడిలో పాతేస్తారు. పాతడంలోనూ తీరు ఉంది. టెంక వంపు తిరిగిన అంచు పైకి ఉండాలి. తలకిందులైతే మొలక మెలిక తిరిగి కాండం వంకరవుతుంది, వంకర కాండం మీద గాటు కుదరదు. మొలిచిన మొక్కల్ని సంచుల్లోకి మార్చి, కాండం పెన్సిలంత లావయ్యేదాకా సాకుతారు. ఇది వేరు మొక్క. దీనికి నేలను పట్టుకునే బలం ఉంది. కానీ దీని కాయ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే పరాగం ఏ చెట్టు నుంచి వచ్చిందో తెలియదు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే కాస్తుందన్న హామీ లేదు.

ఆ హామీ తల్లి చెట్టు రెమ్మలో ఉంది. మూడు నాలుగు నెలల వయసున్న, వేరు మొక్క కాండమంత లావున్న కొమ్మ చివరను ఎంచుకుంటారు. ఎంచుకున్న వెంటనే కోయరు. వారం పది రోజుల ముందే ఆకుల్ని తుంచేసి, కాడల్ని మాత్రం చెట్టు మీదే వదిలేస్తారు. ఆకులు పోయిన కొమ్మ కొత్త చిగురుకు సిద్ధపడి, కొసన ఉన్న మొగ్గ ఉబ్బుతుంది. కాడలు తాకితే రాలిపోయే స్థితికి వచ్చినప్పుడు రెమ్మను కోస్తారు. అంటే అతికే రోజుకు రెమ్మ నిద్రలేచి ఉంటుంది, ఆకులు లేవు గనక నీటిని ఆవిరిగా పోగొట్టుకోదు. రెండు గుణాలు ఒక్క ఉపాయంతో దక్కాయి.

ఇక గాటు. వేరు మొక్క కాండం మీద సుమారు ఐదు సెంటీమీటర్ల పొడవున, పైనుంచి కిందికి ఏటవాలుగా, బెరడుతో పాటు కొంచెం చెక్క కూడా లేచేలా కత్తి దించుతారు. అడుగున చిన్న అడ్డగాటు వేస్తే ఆ ముక్క ఊడి వస్తుంది, కింద చిన్న మెట్టు మిగులుతుంది. రెమ్మ మొదలును ఒకవైపు అంతే పొడవున చెక్కి, రెండోవైపు కొసను కొంచెం కోసి, ఆ మెట్టు మీద కూర్చోబెడతారు. కత్తి ఒక్క ఊపులో సాగాలి. రెండుసార్లు ఆగి గీస్తే కోత మీద గుంటలు పడి, ఆ సందుల్లో గాలి నిలుస్తుంది. కోత తడి ఆరకముందే అతుకు పడాలి. అందుకే అంటు కట్టేవాళ్ళు కత్తి పదునును అంత శ్రద్ధగా చూసుకుంటారు.

ఇంత జాగ్రత్త ఒక పల్చటి పొర కోసం. బెరడుకూ చెక్కకూ నడుమ, గోరుతో గీరితే జిగటగా తగిలే పొర ఉంటుంది. కాండం లావెక్కడానికి కారణం అదే. లోపలివైపు చెక్కనూ బయటివైపు బెరడునూ ఎప్పటికప్పుడు పుట్టిస్తుంది. వేరు మొక్క పొర, రెమ్మ పొర ఒకదానికొకటి ఆనితేనే అవి కలిసి పెరుగుతాయి, నీటి దారులు ముడిపడతాయి. రెమ్మ కొంచెం సన్నదైతే నడిమధ్యన పెట్టరు, ఒక అంచుకు జరుపుతారు. మధ్యన పెడితే ఏ పొరా కలవదు, అంచుకు జరిపితే కనీసం ఒక పక్కన కలుస్తుంది. కొబ్బరికీ అరటికీ అంటు ఎందుకు కట్టరో కూడా ఇక్కడే తేలిపోతుంది. వాటి కాండంలో ఈ పొర లేదు.

అతికిన చోట పాలిథిన్ పట్టీని కింది నుంచి పైకి బిగువుగా చుడతారు. పట్టీ రెండు కోతల్నీ నొక్కి పట్టి ఉంచుతుంది, తడి పోనివ్వదు, వాన నీరు దూరనివ్వదు. వేరు మొక్క తలను అప్పుడే తెగ్గొట్టరు. దాని ఆకులు వేళ్ళకు తిండి పంపుతూ ఉండాలి. రెమ్మ చిగురు తొడిగాక, అది పట్టుకుందని తెలిశాక, అతుకుకు పైనున్న వేరు మొక్క భాగాన్ని కోసేస్తారు. ఆ రోజు నుంచి కింద ఒక చెట్టు, పైన వేరొక చెట్టు, మధ్యన ఒక్క ప్రాణం.

దీనికంటే పాత పద్ధతిలో రెమ్మను ముందే కోయరు. కుండీలో ఉన్న వేరు మొక్కను తల్లి చెట్టు దగ్గరికే తీసుకెళ్ళి, రెండు కాండాల మీదా ఒకే కొలతలో చెక్కు తీసి, జతచేసి కడతారు. రెండు మూడు నెలలకు అతుకు పడ్డాక తల్లి కొమ్మను ఒక్కసారిగా తెంచరు, పాలు మాన్పించినట్టు కొంచెం కొంచెంగా గాటు లోతు చేస్తారు. ఈ అంటు తప్పే అవకాశం తక్కువ, శ్రమ మాత్రం ఎక్కువ. చెట్టు చుట్టూ మంచె కట్టి కుండీలు నిలబెట్టాలి, ప్రతి కుండీకీ అక్కడే నీళ్ళు పోయాలి. రెమ్మను కోసి తెచ్చే పద్ధతి రావడంతో కుండీ కదలకుండానే పని సాగుతోంది.

నిమ్మ, జామ, దానిమ్మ దగ్గర తర్కం తిరగబడుతుంది. వాటికి కట్టే గాలి అంటులో, కొమ్మ చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున బెరడును ఉంగరంలా ఒలిచేస్తారు. మామిడి దగ్గర ప్రాణంలా కాపాడిన ఆ జిగట పొరను ఇక్కడ కత్తి వెనుకతో గీకి తుడిచేస్తారు, లేకపోతే బెరడు మళ్ళీ కలిసిపోతుంది. వేళ్ళ నుంచి నీరు చెక్క గుండా పైకి పోతూనే ఉంటుంది కాబట్టి కొమ్మ వాడదు. ఆకులు చేసిన తిండి మాత్రం బెరడు దారి తెగడంతో కిందికి దిగలేక ఉంగరం పై అంచున పోగవుతుంది. అక్కడ తడిపిన నాచు పెట్టి పాలిథిన్ చుడితే, పోగైన తిండితో వేళ్ళు పుడతాయి. పాలిథిన్ లోంచి తెల్లటి వేళ్ళు కనిపించాక కింద కోసి, సంచిలో పాతుతారు. గులాబీకి రెమ్మ కూడా అక్కర్లేదు, ఒక్క కన్ను చాలు. నాటు గులాబీ బెరడు మీద నిలువు, అడ్డం గాట్లు పెట్టి, బెరడు రెక్కలు తెరిచి, కన్నును లోపలికి జార్చి, అది మాత్రం బయటికి కనిపించేలా చుట్టూ కడతారు.

చిన్న గాటుతో మొదలైన ఈ విద్య కడియంలో లారీ ఎక్కే చెట్ల దాకా పోయింది. పెరిగిన చెట్టును కదపాలంటే, ముందుగా చుట్టూ గాడి తీసి వేళ్ళను విడతలుగా కోస్తారు. కోసిన చోట పిల్లవేళ్ళు వచ్చాక మట్టిగడ్డను గోనెతో చుట్టి, తాళ్ళతో బిగించి లేపుతారు. ఇనప ఊచల చట్రం మీద మొక్కను పెంచి, కత్తిరిస్తూ ఏనుగునో నెమలినో తీసుకొస్తారు. కొత్త సంవత్సరానికి వేల మొక్కలతో అంకెలూ అక్షరాలూ పేర్చడం ఇక్కడి నర్సరీల ఆనవాయితీ. దగ్గరికెళ్ళి చూస్తే అవి ఎర్ర ఆకు, పసుపు ఆకు, పచ్చ ఆకు సంచి మొక్కలు. ఒకే ఎత్తుకు కత్తిరించి, సంచులు ఒకదానికొకటి తగిలేలా సర్దడం వల్లే గీత అంత స్పష్టంగా వస్తుంది. విడదీస్తే మళ్ళీ మామూలు మొక్కలే.

చూసిరావాలనుకునేవాళ్ళకు డిసెంబరు, జనవరి మంచి నెలలు, పొద్దున్నే వెళ్తే పని జరుగుతుండగా చూడవచ్చు. కొనేటప్పుడు మాత్రం పువ్వు కంటే ముందు అతుకు చూడండి. మచ్చ నున్నగా పూడి, పైనా కిందా కాండం దాదాపు ఒకే లావున ఉండాలి. పాలిథిన్ పట్టీ ఇంకా బిగిసి ఉంటే తీసేయమనండి, లేకపోతే కాండం లావెక్కేకొద్దీ అది కోసుకుపోతుంది. నాటేటప్పుడు అతుకు మట్టికి పైనే ఉండాలి. ఆ తర్వాత అతుకు కింది నుంచి వచ్చే ప్రతి చిగురునూ గిల్లేయండి. అది మీరు డబ్బిచ్చి కొన్న బంగినపల్లి కాదు, దాన్ని మోస్తున్న టెంక మొక్క.