నిలువుదోపిడి: పదవిమర్శము

దోపిడి యను పదము తెలుఁగువారి నోట నిత్యమును వినఁబడునది. బలవంతుఁడు బలహీనుని సొమ్మును గొనుట దోపిడి. వర్తకుఁడు హెచ్చువెల గొన్నను దోపిడియే. ఇరువదవ శతాబ్దమున శ్రామికుని కష్టఫలము నితరు లనుభవించుటకును నీ పదమే రూఢమైనది. ఇన్నిచోట్ల నిందను దెలుపు నీ మాట తిరుమలకొండమీఁద మ్రొక్కుబడి పేరై యున్నది. ఆపదయందు స్వామికి మ్రొక్కుకొన్నవాఁడు, మ్రొక్కునాఁడు తన యొడలిమీఁద నున్న నగలను, వస్త్రములను నిలువుదోపిడి యని హుండిలో సమర్పించును. దుష్కార్యవాచకము దేవునియెడ నెట్లు చెల్లెనో విచారింపఁదగియున్నది.

దోపిడి 'దోచు' ధాతువునుండి పుట్టినది. ఈ క్రియ కన్నడమునను నీ యర్థముననే కలదు. చకారము పకారమై 'ఇడి' చేరుట రాచు–రాపిడి, త్రోచు–త్రోపిడి యనుచోట్లను గానవచ్చును. ఒత్తు–ఒత్తిడి, త్రొక్కు–త్రొక్కిడి యనునవియు నీ వర్గములోనివే. ఇవి యన్నియు నొకదానిమీఁద మఱియొకటి బలము చూపుటను దెలుపుచున్నవి. బలము చూపిన దెవరు, పడిన దెవరు అనుదానిని మాత్రము నామము చెప్పదు. ఒత్తిడి చేయువాఁడును గలఁడు, ఒత్తిడి పడువాఁడును గలఁడు. కర్త యెవరో తెలుపుట క్రియ పని.

దైవసన్నిధిని దోపిడి యనుట యనుచితమని తలఁచువారు దీనికి వేఱు వ్యుత్పత్తిని జూపవచ్చును. చొనుపుట, చెక్కుట యను నర్థమున 'దోపు' అను క్రియ కలదు. కొప్పున పువ్వు దోపుదురు, రొంటిని రూకలు దోపుదురు. హుండిలో దోపుటయే దోపిడి యన్నచో నింద తొలఁగును. కాని యీ మార్గము నిలువదు. అట్లయినచో హుండిలో వేయు ప్రతికానుకకును దోపిడి యను పేరు రావలయును. రూపాయి వేసిన నది కానుకయే. మూటగట్టి వేసిన ముడుపే. మఱియు 'నిలువు' అను పూర్వపద మీ యర్థమునకు విరుద్ధము. నిలువనఁగా మనుష్యుఁడు నిలుచున్న పొడవు. నిలువుటద్దము, నిలువెత్తు అనుచోట నిదియే యర్థము. నిలువున దోచుకొనిరి యనఁగా నడినెత్తినుండి యరికాలివఱకు నొలిచిరని భావము. చొనుపుటతో దీనికిఁ బొందిక లేదు.

ఇఁక దొంగతనము, దోపిడి యొకటి గావు. సొత్తుగలవాఁ డెఱుఁగకుండఁ గొనుట దొంగతనము. వాఁడు చూచుచుండఁగా నెదుట నిలిచి కొనుట దోపిడి. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున సమక్షమున బలిమిఁ గొనుట సాహసమనియు, పరోక్షమునఁ గొనుట స్తేయమనియు వేఱుపఱుపఁబడినవి. దోపిడి సాహసమునఁ జేరును. ధర్మశాస్త్రపరిభాషలో సొత్తుగలవానికి స్వామి యని పేరు. అస్వామివిక్రయ మను వ్యవహారపదమున నీ యర్థమే కలదు. తిరుమలయందుఁ గొనువాఁడే స్వామి. తనసొత్తు తాను గొనువానియందు దోషము లేదు.

భేదమంతయుఁ గ్రియయందుఁ గలదు. దారికొట్టువాఁడు దోపిడి చేయును. యాత్రికుఁడు నిలువుదోపిడి యిచ్చును. తులాభారమునకుఁ దూఁకము కలదు. నిలువుదోపిడికి లెక్క లేదు. ఏది యుంచుకొందును, ఏది యిత్తును అను నెంపికను మ్రొక్కువాఁడు ముందే విడుచును. దోచఁబడినవానికి నెంపిక లేదు గదా! దానమందు దాతచేయి పైది. దోపిడియందు సొమ్ము పోయినవాఁడు దీనుఁడు. ఇచ్చియు నిచ్చితినను గర్వము నొందకుండుటకే భక్తుఁడు దాత పేరును విడిచి దోచఁబడినవాని పేరును గైకొనెను. పదమును శుద్ధిచేసి నింద తొలఁగించినచో నీ వినయమును దొలఁగును.

వైష్ణవసంప్రదాయమున దీనికి జోడైన కథ కలదు. తిరుమంగై యాళ్వారు దారికాచి, పెండ్లికొడుకై వచ్చిన నారాయణునే దోచి, యాతనివలన మంత్రోపదేశము నందెనని గురుపరంపరాకథ. శ్రీరంగమున వేడుపఱి యుత్సవమం దది నేఁటికిని నభినయింపఁబడును. అక్కడ భక్తుఁడు దేవుని దోచెను; ఇక్కడ దేవునిచే దోచఁబడుచున్నాఁడు.

కొండమీఁది రాబడి 1801 మొదలు 1843 వఱకు కుంఫిణీవారి చేతను, పిమ్మట 1933 వఱకు హాథీరాంజీ మఠమహంతుల చేతను, అటుపై దేవస్థానమువారి చేతను నిర్వహింపఁబడినది. వీరెవ్వరును మ్రొక్కువాని మాటలోనికి రారు. అతఁ డిచ్చునది స్వామికే. యాత్రికుని హెచ్చువెలలతో నొలుచు వర్తకునిఁ గూర్చియు జనులు నిలువుదోపిడి యనియే యందురు. అక్కడఁ గ్రియ 'చేయు'. కాఁబట్టి నిఘంటువులయందును, పాఠశాలలయందును నీ పదమునకు రెండర్థములు వ్రాసి విడుచుట చాలదు. 'చేయు' తో నొకటియు, 'ఇచ్చు' తో నొకటియుఁ బ్రయోగములు చూపినచో, నొక్కమాటయే నేరమును, శరణాగతియు నెట్లయ్యెనో విద్యార్థికి సుబోధమగును.