గిన్నెల మీది పేరు, గ్యాసు పుస్తకంలో పేరు

విమల ‘వంటిల్లు’ కవితను ఈ పత్రిక పాఠకులకు ప్రత్యేకంగా పరిచయం చేయక్కర్లేదు. ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చిన 1993 నాటికే అది అందరి నోళ్ళలో నానిన కవిత. ఆ తర్వాత దాని మీద చాలా వ్యాసాలు, సెమినార్ పత్రాలు వచ్చాయి. నేను చదివినంతవరకూ వాటిలో వంటిల్లంటే ఒక చెర, ఒక ప్రతీక. కవితలో ఉన్న ఒక వివరం దగ్గర మాత్రం మన విమర్శ పెద్దగా ఆగలేదనిపిస్తుంది. అందులో ఉన్నవి రెండు వంటిళ్ళు. ఒకటి అమ్మది, రెండోది కూతురిది. కూతురి వంటింట్లో గ్యాసు, గ్రైండరు, సింకు, టైల్సు ఉన్నాయి. మంచి వంటిల్లే దొరికిందని అందరూ ఆమె అదృష్టాన్ని మెచ్చుకుంటారు. అయితే అమ్మ గిన్నెల మీద నాన్న పేరుంటే, ఈమె గిన్నెల మీద భర్త పేరుంది. ఆ రెండు వంటిళ్ళ మధ్యలో ఒక యంత్రయుగం మొత్తం గడిచింది. కవిత దాన్ని ఒక్క ఊపిరిలో దాటేసింది. కవితకి ఆ హక్కుంది. విమర్శకి లేదు.

మా అమ్మమ్మది రేపల్లె దగ్గర పల్లెటూరు. అమ్మ పెళ్ళయి బాపట్ల వచ్చింది. నేను తెనాలిలో ఉంటున్నాను. అమ్మమ్మ కాలంలో యంత్రాలు లేవని, అమ్మ కాలంలో వచ్చాయని, నా కాలానికి పని తేలికైపోయిందని మా ఇంట్లో చెప్పుకునే కథ. ఇది మా ఒక్క ఇంటి కథే కాదు.

అమ్మమ్మ దగ్గర యంత్రాలు లేవా? పొట్టుపొయ్యి సంగతే చూడండి. అడుగు కన్నంలోంచి ఒక కర్ర, పైనుంచి నిలువుగా ఇంకో కర్ర పెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టించి, రెండు కర్రలూ మెల్లిగా లాగేయాలి. గాలి ఆడే దారి ఏర్పడుతుంది. వదులుగా దట్టిస్తే పొట్టు కూలి మంట ఆరిపోతుంది, మరీ బిగిస్తే ఇల్లంతా పొగ. ఎంత బిగించాలో అమ్మమ్మ అరచేతికి తెలుసు. గాలి ఎలా నడుస్తుందో తెలిసిన ఇంజనీరు బర్నరు తయారుచేస్తే అది విజ్ఞానం, అమ్మమ్మ చేస్తే ‘చేతి వాటం’. రోలు నున్నబడితే గంట్లు కొట్టేవాళ్ళు వచ్చేదాకా ఆగాలి. కొత్తగా గంట్లు పడిన రోట్లో మొదటి వాయి తినకూడదు, రాతిపొడి వస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత పొయ్యిలోకి ఒక్క ఎండుపుల్ల దొరకని రోజుల్ని అమ్మమ్మ చివరిదాకా చెప్పేది. ఆవిడ చెప్పే ఉప్పెన కథలో సముద్రం కంటే పొయ్యే ఎక్కువసేపు ఉండేది.

ఇక్కడ ఇంకో మాట చెప్పుకోవాలి. వడ్లు దంచడం ఆవిడ ఒక్కదాని పని కాదు, కూలికి వచ్చి దంచే ఆడవాళ్ళుండేవాళ్ళు. డెల్టాలో రైసుమిల్లులు వచ్చాక ఇంటి ఇల్లాళ్ళకి శ్రమ తప్పింది, ఆ ఆడవాళ్ళకి కూలి పోయింది. దంపుళ్ళ పాటలు పోయాయని జానపద పరిశోధకులు బాధపడుతూ రాశారు. నాకు పాట కంటే ఆ కూలిగింజల మీదే బెంగ.

అమ్మ దగ్గరికొస్తే నాకు ఆధారం కథలూ కవితలూ కావు, పద్దుల పుస్తకాలు. నలభై ఏళ్ళ పాటు రాసినవి. మన దేశంలో హాకిన్స్, ప్రెస్టీజ్ కుక్కర్ల తయారీ 1959 ప్రాంతంలో మొదలైంది, సుమీత్ మిక్సీ 1960లలో వచ్చింది. మా బాపట్ల ఇంటికి అవి చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. చేరిన తర్వాత పుస్తకాల్లో పద్దులు మారిపోతాయి. కుక్కరు గాస్కెట్టు. మిక్సీ బ్లేడుకి సాన. గ్యాసు ట్యూబు. ఫ్రిజ్ కోసం కట్టిన చీటీ. ఆ చీటీ ఎత్తిన నెలలో అమ్మ తనకి చీర కొనుక్కోలేదని పుస్తకం చూస్తే తెలుస్తుంది. అది ఆమె రాయలేదు. ఆ పద్దు లేదు, అంతే.

ఒక సంవత్సరం మిక్సీ ఆగిపోయింది. రిపేరుకి తీసికెళితే షాపతను, “మీవారిని పంపండమ్మా, ఆయనకి చెబుతాను” అన్నాడట. ఇరవై ఏళ్ళుగా దాని చప్పుడులో తేడాని బట్టే పప్పు మెదిగిందో లేదో చెప్పగల మనిషితో! అమ్మ వెనక్కి తెచ్చేసి, బజార్లో కార్బన్ బ్రష్షులు కొని, స్క్రూడ్రైవరుతో తనే మార్చింది. ఆ రోజు పద్దు: “కార్బన్ బ్రష్షులు. నేనే వేశాను.” నలభై ఏళ్ళ పుస్తకాల్లో ‘నేను’ అన్న మాట కనబడేది అక్కడొక్కచోటే.

ఆత్మకథల మీద డాక్టరేటు చేసిన నాకు ఆ ఒక్క వాక్యం దగ్గర పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ గుర్తొస్తుంది. ఆవిడ తెనాలి పక్కనే కొలకలూరులో 1940లో పుట్టారు. ఓల్గా కూడా తెనాలి కాలేజీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు కాబట్టి ఈ ఊరికి మన సాహిత్యంతో చుట్టరికం పాతదే. ఆ కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక గృహిణి తన పేరే మర్చిపోతుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలి వల్ల శారద అని తెలుసుకుంటుంది. అలకడమనే మాట మట్టినేలది, పేడనీళ్ళది. నేల బండలుగా మారినా మాట మారలేదు, అలికే చేయీ మారలేదు. కథలో శారదకి పేరు తిరిగొచ్చేది ఇంటిపనికి బయట ఉన్న జ్ఞాపకాల నుంచి, చదువు నుంచి, వేసిన బొమ్మల నుంచి. ఇంటిపనిలోనే ఒక నైపుణ్యం ఉంటుందనీ, ఆ నైపుణ్యంలోంచి కూడా ‘నేను’ పలుకుతుందనీ ఆ కథ ఒప్పుకోదు. ఒప్పుకుంటే ప్రమాదమే, ‘చూశారా, వంటింట్లోనే స్త్రీకి తృప్తి’ అనేవాళ్ళు సిద్ధంగా ఉంటారు. ఆ భయం నాకూ ఉంది. అయినా ఆ భయంతో అమ్మ స్క్రూడ్రైవరుని దాచేయలేను.

దళిత స్త్రీల కవిత్వం ఈ చిక్కుని మనకంటే ముందే దాటింది. జయప్రభ పైటను తగలెయ్యాలంది. జూపాక సుభద్ర ‘కొంగు’లో అదే గుడ్డ పనిలో తోడు, శ్రమలో పనిముట్టు. పనిముట్టుని చూడాలంటే పనిచేసే చేతి వైపు నుంచి చూడాలని ఆ కవిత దగ్గర నేర్చుకోవచ్చు. యంత్రాల విషయంలో మనం ఆ చూపు తెచ్చుకోలేదు. పొలంలోకి ట్రాక్టరు వస్తే ‘యాంత్రీకరణ’ అంటాం. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచీ ఉంది, అక్కడ పొలం యంత్రాలు చదువు. వంటింట్లోకి గ్రైండరు వస్తే మాత్రం ‘సౌకర్యం’. సౌకర్యమన్న మాటలోనే, పొందినవాళ్ళు ఋణపడి ఉండాలనే ధ్వని ఉంది.

పని తగ్గిందా? అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కొవాన్ ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ (1983)లో ఇదే అడిగింది. కొత్త పొయ్యిలు, యంత్రాలు వచ్చాక కట్టెలు కొట్టే మగవాళ్ళ పని పోయింది, అమ్మ పని పోలేదని ఆమె చెప్పింది. మనకీ అంతే. అమ్మమ్మ ఇంట్లో ఇడ్లీ ఎప్పుడో పండక్కో చుట్టాలొస్తేనో చేసేవాళ్ళు. పప్పు రుబ్బడమంటే చేతులు పడిపోయే పని కాబట్టి రోజూ అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. గ్రైండరు, ఫ్రిజ్ వచ్చాక టిఫిను రోజువారీ హక్కయింది. దాంతో రెండు చట్నీలు కూడా. బట్టలు రజక కుటుంబం చేతిలోంచి వాషింగ్ మెషిన్లోకి, అంటే అమ్మ చేతిలోకి వచ్చాయి. అక్కడ ఇంకో ఇంటి ఆదాయం కూడా పోయింది. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు, రోలు బాధ తీర్చిన మిక్సీకి ఇంకెన్ని వైపుల వాయింపో.

కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం 2024లో ఇంటిపనుల్లో పాల్గొన్న స్త్రీలు వాటి మీద రోజుకి 289 నిమిషాలు గడిపారు, పాల్గొన్న పురుషులు 88. 2019లో ఇవి 299, 97. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళకీ తొమ్మిది తగ్గాయి. మిగిలిన ఆ ఒక్క నిమిషాన్ని మనం పండగ చేసుకోవచ్చు.

మా ఇళ్ళలో ఒక్క కుట్టుమిషనుదే వేరే చరిత్ర. అది కాలాన్ని మిగల్చలేదు, డబ్బు తెచ్చింది. రేపల్లెలో మా పెద్దమ్మ జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది. ఊళ్ళో అందరూ ‘ఆవిడ మిషను’ అనేవాళ్ళు. గ్రైండర్ని ఎవరూ ‘ఆవిడ గ్రైండరు’ అనగా నేను వినలేదు. అది ఎప్పుడూ ‘మనింట్లో గ్రైండరే’.

ఇప్పుడు మళ్ళీ పేరు దగ్గరికి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం డ్వాక్రా స్త్రీల పేరున గ్యాసు కనెక్షన్లిచ్చింది. 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం కూడా పేద కుటుంబాల్లో స్త్రీల పేరునే మొదలైంది. 2024 దీపావళి నుంచి రాష్ట్రంలో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు. పొగ నుంచి కళ్ళనీ ఊపిరితిత్తుల్నీ కాపాడిన ఈ మార్పుని నేను తక్కువ చేయను. పొట్టుపొయ్యి ఊదిన వాళ్ళ దగ్గర దీని గురించి వెటకారం చెల్లదు. పేరు ఆమెదే కదా, మరి విమల కవిత అడిగింది తీరినట్టేనా? ఆ కవిత గిన్నెల మీద స్త్రీల పేర్లు చెక్కమనలేదు. ఒంటరి వంటిళ్ళనే కూల్చమంది. పథకాలు మాత్రం ఆ ఒంటరి వంటింటికే పేరు పెట్టి ఆమెకి అప్పజెప్పాయి.

ఈమధ్య రేపల్లె వెళ్ళినప్పుడు పెద్దమ్మ పక్కింటావిడ తన గ్యాసు పుస్తకం తెచ్చి చూపించింది. పేరు ఆవిడదే, ఇంటిపేరు అత్తవారిది. సిలిండరు తెచ్చినప్పుడు ఫోనుకొచ్చే కోడు చెప్పాలి కదా. రిజిస్టరైన నంబరు కొడుకుది, అతను హైదరాబాదులో డ్యూటీలో ఉన్నాడు. ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. సిలిండరు తెచ్చిన కుర్రాడు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు.

“వాడికి డ్యూటీ దిగేది ఆరింటికమ్మా,” అందావిడ నాతో. “ఈ పూటకి పొయ్యి మీదే వండేస్తాలే.”