మూత మీది నిప్పు

కలిపిన పిండిని నీటిలో ఉడికించకుండా, నూనెలో వేయించకుండా, చుట్టూ ఆవరించిన పొడి వేడితో లోపలిదాకా పండించి పైన ఎర్రని పొర కట్టించే పద్ధతిని బేకింగ్ అంటారు. దీనికి ఓవెన్ అనే పెట్టె ఉండి తీరాలన్న నమ్మకం పట్టణాల్లో బలంగా ఉన్నా, మన దేశంలో చాలా ప్రాంతాల ఇళ్లలో ఆ పెట్టె లేకుండానే తీపి రొట్టెలూ అప్పాలూ కేకులూ కాలుతూ వచ్చాయి. పొయ్యి మీద గిన్నె పెడితే అడుగు నుంచి వేడి దానంతటదే అందుతుంది, పక్కల నుంచీ కొంత అందుతుంది, పైనుంచి మాత్రం దాదాపు ఏమీ అందదు. ఆ పైవేడిని ఎక్కణ్నుంచి తేవాలన్నదే ఓవెన్ లేని వంటింటి అసలు చిక్కు.

దీనికి సూటి జవాబు మూత మీద నిప్పులు పేర్చడం. కోస్తా ఆంధ్రలో రుబ్బిన మినప్పిండిలో నానిన బియ్యపు రవ్వ కలిపి, నూనె వేసిన మందపాటి మూకుట్లో దళసరిగా పోసి, కింద సన్నని సెగ ఉంచి, మూత మీద నిప్పులు వేసి దిబ్బరొట్టె కాల్చేవారు. అది స్వతహాగా తీపి వంటకం కాకపోయినా, బెల్లంగా గట్టిపడక ముందే దించిన చిక్కని చెరకు పానకం గోదావరి ప్రాంతంలో దానికి తోడై, తీపి ఫలహారాల వరసలోకి తెచ్చింది. ఉత్తర కేరళలోని కలత్తప్పం ఇదే పద్ధతిలో పుట్టిన అసలైన తీపి: నానిన బియ్యాన్ని రుబ్బి, వేడి బెల్లపు పాకం పోసి కలిపి, చిన్న ఉల్లిపాయలూ కొబ్బరి ముక్కలూ వేగుతున్న నూనెలో పోస్తే, పైనా కిందా నిప్పుల మధ్య అది గుల్లగుల్లగా పొంగుతుంది.

గోవాలో క్రిస్మస్ పండుగకు చేసే బెబింకాలో ఈ విద్య ఇంకో మెట్టు ఎక్కింది. గుడ్డు పచ్చసొన, కొబ్బరిపాలు, పంచదార, మైదా, జాజికాయ కలిపిన జారు పిండిని పలచటి పొరగా పోసి, పైన కొబ్బరి పీచు నిప్పులతో ఎర్రగా కాల్చి, నెయ్యి రాసి, దాని మీద మరో పొర పోస్తారు. ఏడు పొరలు మామూలు, పదహారు దాకా వెళ్లేవారూ ఉన్నారు. ఇక్కడ పైవేడే ప్రధానం, ఎందుకంటే కింది సెగ ఎక్కువైతే అప్పటికే కాలిన పొరలు మాడిపోతాయి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయికి ప్రత్యేకమైన పరికరం కన్నా, ఒక్కో పొర రంగు తేలేదాకా పక్కనే కూర్చునే ఓపికే ముఖ్యం.

ఒడిశా ఇళ్లు చిక్కును మరో వైపు నుంచి విప్పాయి. జూన్ నడుమ మూడు రోజులు సాగే రజ పర్వంలో భూమాత ఋతుమతి అవుతుందని నమ్మి ఆడవాళ్లు ఇంటిపనికి విరామం ఇస్తారు కనుక, ఆ రోజులకు నిలవ ఉండేలా పొడపిఠాను ముందే కాల్చిపెట్టుకుంటారు. పులిసిన బియ్యం, మినప పిండిలో బెల్లం, కొబ్బరి, అల్లం, మిరియాలు కలిపి, అరటాకుల్లో పొదిగి, ఆరిపోతున్న నిప్పుల వేడిలో రాత్రంతా వదిలేస్తారు. ఆకు పిండిలోని తడిని పోనివ్వదు, మాడును తన మీద వేసుకుంటుంది, తన వాసనను పిండికి ఇస్తుంది. నయాగఢ్ ప్రాంతానిదిగా పేరుపడ్డ ఛెనాపొడ కూడా ఈ దారిదే; పాలు విరిచి తీసిన ఛెనాలో పంచదార, యాలకులు కలిపి సాల ఆకుల్లో కాలిస్తే పైన ముదురు గోధుమరంగు తేలి, లోపల మెత్తగా నిలుస్తుంది.

వంటగ్యాస్ రావడంతో పొగా మసీ పోయాయి, వాటితోపాటు నిప్పులూ పోయాయి. ఈ నష్టాన్ని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు గానీ, దిబ్బరొట్టెను తిరగేసి రెండోవైపు కాల్చడం చాలా ఇళ్లలో ఆనవాయితీ అయింది అందుకే. పోయినదానిలో సగాన్ని తిరిగి తెచ్చినది ప్రెషర్ కుక్కర్. బరువైన లోహపు గోడలూ బిగువైన మూతా ఉన్న ఈ పాత్రలో నీరు పోయకుండా, మూతకు రబ్బరూ విజిలూ తీసేస్తే, వేడి గాలి నిలిచే చిన్న గది తయారవుతుంది. అడుగున అంగుళం మందాన పొడి ఇసుకో ఉప్పో పరిచి, స్టాండు పెట్టి, పది నిమిషాలు కాచి, అప్పుడు మూడింట రెండు వంతులే పిండి నింపిన గిన్నెను దించుతారు. ఇసుక మంట తీవ్రతను ఒక్కచోట తగలనీయక అడుగంతా పరుస్తుంది, మంట హెచ్చుతగ్గులను తనలో దాచుకుంటుంది. తడి ఇసుక వేస్తే మాత్రం బేకింగ్ కాస్తా ఆవిరి వంట అయిపోతుంది. సన్నని సెగ మీద నలభై, యాభై నిమిషాల్లో అరకిలో కేకు అవుతుంది. కలత్తప్పాన్ని కూడా ఇప్పుడు చాలామంది విజిల్ లేని కుక్కర్‌లోనే చేస్తారు.

అయితే కుక్కర్ కేకు పైభాగం తెల్లబోయి ఉంటుందన్న ఫిర్యాదులో నిజముంది. నీరున్నంతసేపు పిండి లోపలి వేడి దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. పిండిపదార్థం జిగురుకట్టడానికీ గుడ్డులోని మాంసకృత్తులు గట్టిపడడానికీ అది చాలు. ఎర్రని రంగుకూ కాలిన కమ్మదనానికీ కారణమైన చర్యను, అంటే చక్కెరలూ మాంసకృత్తుల భాగాలూ కలిసి జరిపే మార్పును, ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీయ్ మయార్ 1912లో వివరించాడు. అది చురుగ్గా సాగాలంటే ఉపరితలం తడి ఆరి, 140 డిగ్రీల ప్రాంతానికి చేరాలి. మూతకు ఆవిరి పట్టి చుక్కలుగా కేకు మీద రాలుతుంటే ఆ స్థితి రాదు. విజిల్ తీసేసిన రంధ్రం ఆవిరికి దారి ఇవ్వడానికే. దీనికి విరుగుడుగా కొందరు పెనాన్ని ఎర్రగా కాచి, కేకు అయ్యే వేళకు గిన్నె మీద బోర్లిస్తారు. మూత మీది నిప్పుకు గ్యాస్ కాలంలో ఇంతకన్నా దగ్గరి ప్రత్యామ్నాయం లేదు.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. నీరు లేకుండా కాచిన కుక్కర్‌లో రబ్బరూ విజిలూ ఉంచడం ప్రమాదకరం. అధిక వేడికి కరిగేలా అమర్చిన భద్రతా బిళ్ల పొడి వేడికి పాడవచ్చు గనుక, పాత కుక్కర్‌ను దీనికే కేటాయించి మామూలు మూత పెట్టడం మేలు. మొదటి అరగంటలో మూత తీస్తే, ఇంకా గట్టిపడని పిండి లోపలి గాలి బుడగలు చల్లబడి కేకు నడుమ కుంగుతుంది. చాలా ఎక్కువ వేడి ఒక్కసారిగా అడిగే పఫ్‌ల పొరలు ఇందులో విచ్చుకోవు. రవ్వకేకు, పెరుగూ వంటసోడాతో పొంగే గుడ్డులేని కేకు, నాన్‌ఖటాయి మాత్రం చక్కగా కుదురుతాయి; పాతఢిల్లీ వీధుల్లో తోపుడుబళ్ల మీద నాన్‌ఖటాయి కాల్చేవారు ఇనప పెనానికి కిందా, మూతకు పైనా నిప్పులు పెట్టే అమ్ముతారు.