గోడకు అంచు

కథలాపూర్, కోరుట్ల పల్లెల్లో గల్ఫ్ కష్టంతో కట్టుకున్న ఇళ్ళకు పోతే, హాల్లో అడుగుపెట్టగానే చూపు పైకి పోతుంది. గోడ, స్లాబు కలిసేచోట చుట్టూ తెల్లటి పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అంచు, దాని మీద పూలతీగ. కొందరు దాన్ని ఆడంబరమంటారు. నేను ఒప్పుకోను. ఎండకు స్లాబు సాగి, చల్లబడ్డాక ముడుచుకుంటుంటే సన్నటి నెర్రెలు ముందుగా పడేది అక్కడే. వాటిని కప్పుతూనే గోడకు నిండుదనం తెస్తుంది ఈ అంచు.

ఈ పనితనం మనకు కొత్తది కాదు. సిమెంటు రాకముందు సున్నం, ఇసుక గానుగలో వేసి, ఎడ్లతో రాతి చక్రం తిప్పించి డంగు సున్నం తీసేవాళ్ళు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవాళ్ళు. ఆ గచ్చుతో ఎంత సన్నటి పని చేయొచ్చో చూడాలంటే హైదరాబాదులో సంతోష్‌నగర్ దగ్గరి పైగా వంశపు నవాబుల సమాధులకు పోవాలి. 18వ శతాబ్దం చివర మొదలైన కట్టడాలవి. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన మరమ్మతుల్లో, మధ్యలో ఎవరో పూసిన సిమెంటును గీకేసి మళ్ళీ సున్నమే పూశారు. సున్నం గోడలోని తడిని బయటికి పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు.

పీఓపీ తీరు వేరు. జిప్సాన్ని 150 డిగ్రీల దాకా వేడిచేస్తే అందులోని నీళ్ళు ముప్పాతిక వంతు పోతాయి. ఆ పొడిలో నీళ్ళు కలిపితే పావుగంటకే గట్టిపడుతుంది. అందుకే మేస్త్రీ ఎప్పటికప్పుడు కొంచెం కొంచెమే కలుపుకుంటాడు. స్లాబును నమ్మకుండా, నీళ్ళపైపుతో నాలుగు గోడలకూ మట్టం చూసి రంగు దారం కొడతాడు. గీత వెంట చెక్కపట్టీ బిగించి, అంచు ఆకారంలో కోసిన రేకు ఫర్మాను తడి ముద్ద మీద లాగుతాడు. మొదటిసారి గరుకుగా వస్తుంది. పలుచటి ముద్దతో మూడోసారి లాగేసరికి గీతలు పదునెక్కుతాయి.

పూలతీగ అతికించాలంటే లెక్క కావాలి. పువ్వుకూ పువ్వుకూ 8 అంగుళాల దూరం అనుకుందాం. గోడ 13.5 అడుగులు, అంటే 162 అంగుళాలుంటే 20 పూలు పట్టి 2 అంగుళాలు మిగులుతాయి. మంచి మేస్త్రీ ఆ మిగులును ఒక మూలకు నెట్టడు, అతుకులన్నిటికీ కంటికి కనపడనంతగా పంచుతాడు. సిరిసిల్ల చీరలో ఒళ్ళంతా పూలుంటే అంచు తేలదు. అట్లాగే తీగ అంచు పెట్టినచోట గోడలకు ఒకే రంగు వేయాలి, కర్టెన్లు సాదాగా ఉండాలి.

ఫర్మా మూలదాకా పోదు. చివరి జానెడు చేత్తోనే చేయాలి. రెండు వైపుల నుంచి వచ్చిన గీతలు ఒక్కొక్కటీ ఎదుటి గీతతో కలిసేదాకా, మేస్త్రీ నిచ్చెన మీద మెడ వాల్చి, తడివేలితో తడుముతూ, చిన్న తాపీతో గీకుతూనే ఉంటాడు. ఆ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువసేపు పట్టేది ఆ జానెడుకే.