పాత బియ్యానికి పరీక్ష ఎసట్లోనే

బేతంచెర్ల రాళ్ల ఊరు. ఇక్కడి బండలు ఎక్కడెక్కడి ఇళ్లలోనో పరుచుకున్నాయి గానీ, చుట్టూ ఉన్న మెట్టపొలాల్లో వరి తక్కువే. జొన్న, కొర్ర తిని బతికిన సీమ ఇది. 1983 నాటి రెండు రూపాయల కిలో బియ్యం పథకంతో పేదింట్లోనూ వరి అన్నం రోజువారీ తిండిగా మారుతూ వచ్చింది. సన్నబియ్యం కావాలంటే మాత్రం తూర్పున నంద్యాల దిక్కు, కె.సి. కాలువ కింది మాగాణి వైపు చూడాల్సిందే. అంగట్లో ‘కర్నూలు సోనా’ అని అమ్మేది చాలామటుకు సాంబ మసూరి. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204 వరి వంగడం అది. మూట ముందు నిలబడితే ధర కంటే ముందొచ్చే ప్రశ్న ఒకటుంది: “పాతవేనాప్పా?”

అంగడాయన అవుననే అంటాడు. తేల్చుకోవాల్సింది మనం.

గుప్పెడు తీసి వెలుతురులో చూస్తే కొత్తగింజ తెల్లగా నిగనిగలాడుతుంది, పాతది కాస్త మీగడ రంగుకు తిరిగి ఉంటుంది. అయితే నేను రంగును చివరగా నమ్ముతాను. వడ్లకు ఆవిరి పట్టించి ఆడించిన స్టీమ్ బియ్యమూ ఇంచుమించు అలాగే కనిపిస్తుంది. నెలల వయసును గంటల్లో తెచ్చే పద్ధతి అది. తినడానికి బాగానే ఉంటుంది, పాతబియ్యమని చెప్పి అమ్మితేనే తగువు. తర్వాత వాసన. కొత్తదానికి పచ్చివాసన ఉంటుంది, బాగా నిల్వ చేసినదానికి దాదాపు ఏ వాసనా ఉండదు. ముక్కవాసన కొట్టిందంటే ఎక్కడో చెమ్మ తగిలిందన్నమాట. పంటికింద వేస్తే పాతగింజ టక్కున విరుగుతుంది.

ఇవన్నీ అంచనాలే. పావు బియ్యం వండి చూస్తే గుట్టు బయటపడుతుంది. కొత్తవైతే గంజి చిక్కగా దిగుతుంది, కాస్త ఏమరితే అన్నం ముద్ద. పాతవి నీళ్లు ఎక్కువ తాగుతాయి, మెతుకు పొడుగు సాగుతుంది, గంజి పలచగా ఉంటుంది. ఒదుగు ఎక్కువ కాబట్టి అంతే బియ్యానికి గిన్నె మరికాస్త నిండుతుంది. చల్లారాక చిత్రాన్నం కలిపి చూడండి, మెతుకుకు మెతుకు అంటదు.

నిల్వ ఉన్నకొద్దీ గింజలోని కొవ్వు నెమ్మదిగా విడివడి పిండిపదార్థంతో జతకడుతుంది. మాంసకృత్తుల మధ్య గంధకపు బంధాలు బిగుస్తాయి. అందుకే ఉడికేటప్పుడు పిండి బయటికి జారదు, గింజ చితకకుండా ఉబ్బుతుంది. ఈ మార్పు తొలి మూడు నాలుగు నెలల్లోనే జోరుగా సాగుతుంది, వేడిలో ఇంకా త్వరపడుతుంది. కర్నూలు ఎండలు ఇక్కడైనా పనికొచ్చాయి! డిసెంబరులో కోసినవి ఏడాది దాటాక వచ్చే సంక్రాంతికి పక్కాగా పాతవే. సోనా వరకు, రెండేళ్లవంటూ అదనంగా అడిగే ధర దండగ.

వయసును బట్టి విలువ కట్టేది బియ్యానికొక్కదానికే కాదు. పోర్చుగల్‌లోని డౌరో లోయలో మంచి ఏడాది ద్రాక్షతో చేసే వింటేజ్ పోర్ట్ వైన్ రెండు మూడేళ్లకే సీసాకెక్కి, అందులోనే పదుల ఏళ్లు ముదురుతుంది. అడుగున దిగిన మడ్డి కదలకుండా వేరే పాత్రలోకి వంచి, రంగు చూసి, వాసన పట్టి, గుక్క నోట్లో తిప్పి విలువ కడతారు. దానికి పుస్తకాలున్నాయి, వేలంపాటలున్నాయి. కన్ను, ముక్కు, పన్ను, నాలుక అంటూ అదే వరస మన వంటింట్లో నడిస్తే ఎవరూ విద్య అనరు. చేసేది ఆడవాళ్లు కాబట్టేమో.

అన్నింటికీ పాతవే మేలనుకోవద్దు. పొంగలికి, పరమాన్నానికి కొత్తబియ్యం జిగురే కావాలి. జపాన్‌లో ఆ ఏటి కొత్తబియ్యాన్ని షిన్‌మై అని పిలిచి మరీ కొంటారు.

బండల నేల మీద మూటను నేరుగా పెట్టకండి, వానాకాలంలో అడుగు చెమ్మెక్కుతుంది. కింద చెక్క వేసి, బియ్యంలో ఎండు వేపాకు కలపండి. ఇక 25 కిలోల మూట కొనేముందు పావు బియ్యం అడిగి తెచ్చి వండి చూడండి. ఇవ్వనన్న అంగడిలో కొనకండి.